ఎకోలతో నిండిన పీహెచ్‌పీ పేజీని టెంప్లేట్లుగా విడగొట్టేదెట్లా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు):
ఆదోని మార్కెట్ యార్డు ధరలు చూపించే పీహెచ్‌పీ సైటు. పత్తికి, వేరుశనగకు, ఆముదాలకు తలా ఒక ఫైలు. డేటాబేస్ కనెక్షన్, ఎస్‌క్యూఎల్, టేబుల్ గీసే ఎకోలు (పేజీకి హెచ్‌టీఎంఎల్ పంపే ఆదేశాలు) అన్నీ ఒకేచోట కలిసిపోయి ఉండాయి. డిజైనర్ కాలమ్ వెడల్పు మార్చబోయి ఒక కోట్ గుర్తు చెరిపితే పేజీ మొత్తం తెల్లగా వస్తాంది. ట్విగ్ (పేజీ రూపును టెంప్లేట్ అనే విడి ఫైల్లో ఉంచే పీహెచ్‌పీ లైబ్రరీ) పెట్టాలా, మామూలు ఇంక్లూడ్ (ఒక పీహెచ్‌పీ ఫైలును ఇంకోదాంట్లోకి తెచ్చుకోవడం) చాలా?

సీమ_కోడర్ (అనంతపురం):
ఏది పెట్టినా ముందు ఫైలును రెండుగా కోయాలన్నా. క్వెరీలు, లెక్కలు అన్నీ పైకి తెచ్చి ఫలితాన్ని ఒక అర్రేలో (విలువల జాబితాలో) నింపండి. కింద ఆ అర్రేను లూప్ తిప్పి చూపించడం తప్ప ఇంకేమీ ఉండకూడదు. పై భాగంలో ఒక్క ఎకో మిగిలినా, ఆ తర్వాత రీడైరెక్ట్ చేయబోతే హెడర్లు (పేజీకంటే ముందు బ్రౌజర్‌కు వెళ్లే సమాచారం) అప్పుడే వెళ్లిపోయాయని వార్నింగ్ వస్తుంది. పీహెచ్‌పీ ట్యాగ్‌కు ముందు ఖాళీ లైను ఉన్నా అంతే.

ఏ లెక్క ఎటు పోవాలో తేల్చుకోవడానికి ఒక గుర్తు: అదే ధరను రేపు ఎస్‌ఎంఎస్‌లో పంపాలన్నా ఆ లెక్క కావాలంటే అది కోడ్‌లో ఉండాలి. సగటు ధర అలాంటిది. ధర పెరిగిన వరుసకు పచ్చరంగు వేయడం తెరకు మాత్రమే పనికొస్తుంది, దాన్ని టెంప్లేట్‌లో పెట్టండి.

పెన్నా_తీరం (కడప):
నేనైతే ట్విగ్ అంటాను, ముఖ్యంగా ఎస్కేపింగ్ కోసం, అంటే విలువలోని < లాంటి గుర్తులు హెచ్‌టీఎంఎల్‌గా పనిచేయకుండా మార్చడం కోసం. మామూలు ఇంక్లూడ్‌లో ప్రతి విలువకూ హెచ్‌టీఎంఎల్ ఎస్కేప్ ఫంక్షన్ మనమే రాయాలి, ఎక్కడో ఒకచోట మరిచిపోతాం. ట్విగ్‌లో రెండేసి ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య రాసిన విలువ దానంతటదే ఎస్కేప్ అవుతుంది. ఎస్కేపింగ్‌ను ఆపేసే ‘రా’ ఫిల్టర్ కనిపిస్తే మాత్రం ఎందుకు పెట్టారో అడగండి.

హెడర్, మెనూ, ఫుటర్ ఒక బేస్ టెంప్లేట్‌లో ఉంచి, మధ్యలో ఒక బ్లాక్ వదలండి. పత్తి పేజీ ‘ఎక్స్‌టెండ్స్’తో దాన్ని అందుకుని ఆ బ్లాక్ నింపితే చాలు. బ్లాక్ బయట ఒక్క మాట రాసినా ఎర్రర్ వస్తుంది.

‘స్ట్రిక్ట్ వేరియబుల్స్’ తప్పకుండా ఆన్ చేయండి. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. వేరియబుల్ పేరులో అక్షరం తప్పితే గడి ఖాళీగా వస్తుంది, ఎర్రర్ రాదు. ధరల పేజీలో ఖాళీ గడి చూసిన రైతు ఆ రోజు కొనుగోలే లేదనుకుంటాడు.

తుంగభద్ర_గట్టు:
విడగొట్టి ట్విగ్‌లో పెట్టినాం. సర్వర్‌లో టెంప్లేట్ మార్చినా పాత పేజీనే వస్తాంది. పైగా 7,25,000 రావాల్సినచోట 725,000 వస్తాంది.

సీమ_కోడర్:
మొదటిది క్యాష్, అంటే ట్విగ్ టెంప్లేట్‌ను పీహెచ్‌పీగా మార్చి దాచుకున్న కాపీ. క్యాష్ ఫోల్డర్ ఇచ్చి డీబగ్ ఆపితే, టెంప్లేట్ మారిందో లేదో ట్విగ్ చూడదు. ‘ఆటో రీలోడ్’ ఆన్ చేయండి, లేదా మార్పు ఎక్కించిన ప్రతిసారీ ఆ ఫోల్డర్ ఖాళీ చేయండి. రెండోది: ట్విగ్ నంబర్ ఫిల్టర్ మూడేసి అంకెలకే కామా పెడుతుంది. పీహెచ్‌పీ ఇంటెల్ ఎక్స్‌టెన్షన్‌లోని నంబర్ ఫార్మాటర్‌కు భారత లోకేల్ (అంకెలు రాసే ప్రాంతీయ పద్ధతి) ఇచ్చి, ‘రూపాయలు’ అని సొంత ఫిల్టర్ ఒకటి రాసుకోండి. డిజైనర్ ఆ పేరు వాడితే చాలు, లోపల ఏముందో చూడనక్కర్లేదు.