స్టైపెండ్ ఇస్తున్నారని ఏ పని చెప్పినా చెయ్యాలా?

బెంజిసర్కిల్_ఎంటెక్:
విజయవాడ దగ్గర ఓ ప్రైవేటు కాలేజీలో ఎంటెక్ రెండో ఏడు. గేట్ (పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరు మీద, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నెలకు 12,400 స్టైపెండ్ ఇస్తోంది. అందుకు వారానికి 8 నుంచి 10 గంటలు కాలేజీ అప్పజెప్పిన బోధన, పరిశోధన పనులు చెయ్యాలని రూలు. అందులో పేచీ లేదు. కానీ పోయిన నెలంతా కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ టీమ్ వస్తోందని కాగితాలకు పంచింగ్ కొట్టాను, రిజిస్టర్లు స్కాన్ చేశాను, చివరికి స్వాగతం ఫ్లెక్సీలో అచ్చుతప్పులూ నేనే చూశాను. అడిగితే 'స్టైపెండ్ తీసుకుంటున్నావుగా' అంటారు. ఇదీ ట్రైనింగేనా?

పాత_చాక్‌పీస్, గుంటూరు:
బాబూ, పని చెయ్యకుండా పని రాదు. నేను పీజీలో ఉండగా ఫస్టియర్ ల్యాబ్‌కి పంపారు. సీఆర్‌ఓ (సిగ్నల్‌ని తెర మీద అలలా చూపే మెషీన్) మీద వేవ్ రావట్లేదు సార్ అన్నాడో కుర్రాడు. చూస్తే అడ్డంగా ఒకటే గీత. నాబులన్నీ తిప్పాను, ప్రోబ్ మార్చాను, పది నిమిషాలు చెమటలు పట్టాయి. తీరా చూస్తే సిగ్నల్‌ని లోపలికి పంపే కప్లింగ్ స్విచ్ గ్రౌండ్‌లో ఉంది. ఇప్పటికీ ఏ బ్యాచ్ వచ్చినా ముందు ఆ స్విచ్చే చూపిస్తాను. మీ తరానికి అన్నిటికీ గంటల లెక్కే.

నంబూరు_స్కాలర్:
సార్, మీరు చెప్పింది ల్యాబ్ గురించి. తను అడుగుతోంది పంచింగ్ మెషీన్ గురించి. రెండూ ఒకటెలా అవుతాయండీ? యూనివర్సిటీలను చూసే యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో వారానికి 4 నుంచి 6 గంటలు అసిస్టెంట్‌షిప్ ఇవ్వొచ్చని ఉంది. దేనికి? ట్యుటోరియల్, ల్యాబ్, మూల్యాంకనం. పాఠం చెప్పడంలో శిక్షణ కూడా ఇవ్వాలని అక్కడే ఉంది, దాని ఊసు ఎవరూ ఎత్తరు. జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవాళ్ళకి నెలకు 37,000 అన్నా వస్తుంది. నాకు అదీ లేదు, పొద్దున డిగ్రీ కాలేజీలో రెండు క్లాసులు చెప్పుకుని మధ్యాహ్నం వచ్చి ఇవే ఫైళ్ళు.

పటమట_రిటర్న్:
అమెరికాలో రెండేళ్ళు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) చేసొచ్చాను. స్వర్గమేం కాదు, మిడ్‌టర్మ్ వారం పేపర్లు దిద్దుతూ తెల్లారేది. కాకపోతే ఫీజు మాఫీ, జీతం, గంటలు అన్నీ ఆఫర్ లెటర్లోనే రాసిచ్చారు. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటకూడదు కూడా. అక్కడా పోట్లాడకుండా ఏదీ రాలేదు. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఇలాంటి విద్యార్థులు ఉద్యోగుల కిందే లెక్క అని కొలంబియా యూనివర్సిటీ కేసులో అక్కడి జాతీయ లేబర్ బోర్డు తేల్చింది 2016లో. మనవాళ్ళు కనీసం ఓ తెల్లకాగితం మీద గంటలు రాసిస్తే చాలు, సగం గొడవ పోతుంది.

పాత_చాక్‌పీస్, గుంటూరు:
సరేనమ్మా, ఫైళ్ళ సంగతి ఒప్పుకుంటున్నా. మా డిపార్ట్‌మెంట్‌లోనూ పిల్లల చేత చేయిస్తాం, క్లర్కుల్లేరు మరి. బెంజిసర్కిల్ బాబూ, గురువారం ఒక ల్యాబ్ బ్యాచ్ నాకివ్వండి, మీరు వెనక కూర్చుని తప్పులు చెప్పండి అని మీ సార్‌ని అడిగి చూడు. కాదనరు.

బెంజిసర్కిల్_ఎంటెక్:
అడిగాను సార్. మంచిదేనన్నారు. ముందు ఈ నాలుగు అట్టపెట్టెలు ఐక్యూఏసీ (కాలేజీలో నాక్ పనులు చూసే విభాగం) గదిలో పెట్టి రమ్మన్నారు. మూడో అంతస్తు. లిఫ్టు స్టాఫ్‌కి మాత్రమే.