29-0 లీడ్‌లో ఉండి ఓడిన జట్టును ఇంకా వెనకేసుకొస్తారా?

అరోరా అన్న: ఇవాళ మన కొలరాడో కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యూటా చేతిలోనూ 23-17తో పోయింది. కొలరాడో కోచ్‌గా డియాన్ శాండర్స్ మొదటి సీజన్ (2023) లెక్క తేలింది: 4 గెలుపులు, 8 ఓటములు. సెప్టెంబర్‌లో మొదటి మూడూ గెలిచినప్పుడు ఇక్కడ కొందరు చేసిన హడావుడి నాకు గుర్తుంది. స్టాన్‌ఫర్డ్ మీద సగం ఆటకి 29-0తో ఉండి, 46-43తో ఎలా పోగొట్టారో ఆ కొందరే చెప్పాలి.

ఫోల్సమ్ పిచ్చోడు: అన్నా, నిరుడు 12 ఆడి గెలిచింది ఒక్కటి. ఒకటి నుంచి నాలుగు. ఈ ఏడు సీజన్ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. అంతకుముందు సీజన్ ఫైనల్ ఆడిన టెక్సస్ కాలేజీ జట్టు టీసీయూని వాళ్ల ఊరెళ్లి 45-42తో కొట్టాం.

అరోరా అన్న: టికెట్ల సంగతి అడిగానా? 29-0.

డాలస్ బాబాయ్: పోయిన ఆదివారం అహ్మదాబాద్‌లో పోయిన కప్పుకే నాకింకా అన్నం సయించడం లేదు. మీరు దీనికి కొట్టుకుంటున్నారా?

ఫోల్సమ్ పిచ్చోడు: బంతి విసిరే మన క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్‌ని ఈ సీజన్‌లో 52 సార్లు శాక్ చేశారు, అంటే బంతి విసిరేలోపే పడగొట్టారు. ఇవాళ ఆడే స్థితిలోనే లేడు. ముందు అడ్డం నిలబడే ఆఫెన్సివ్ లైన్ ఐదుగురూ నిలబడకపోతే ఏ కోచ్ ఏం చేస్తాడు? మన స్టార్ ఆటగాడు హంటర్ దెబ్బ తగిలి మూడు ఆటలు కూర్చున్నాడు.

అరోరా అన్న: స్టాన్‌ఫర్డ్ ఆటకి హంటర్ వచ్చేశాడు. రెండు టచ్‌డౌన్లు కూడా చేశాడు. అసలు నువ్వు ఆ రోజు స్టేడియంలో ఉన్నావుగా?

ఫోల్సమ్ పిచ్చోడు: సగం వరకే. పిల్లలకి నిద్రొస్తోందని, ఎలాగూ గెలిచాం కదా అని వచ్చేశాం. పొద్దున స్కోరు చూసి ఎవరో తప్పు టైప్ చేశారనుకున్నా.

అరోరా అన్న: సగంలో లేచొచ్చినవాడు నాకు ఆట నేర్పుతున్నాడు!

ఫోల్సమ్ పిచ్చోడు: నీకు డియాన్ అంటేనే పడదు, అది చెప్పు. స్కోర్లెందుకు మధ్యలో?

బెంచ్ మీద బావ: నాకూ పడదు. మా ఆఫీసుకి కొత్త డైరెక్టర్ వచ్చి, తనవాళ్లని తెచ్చుకుని మా టీమ్‌ని మొత్తం పీకేశాడు. ఈయన్ని టీవీలో చూస్తే ఆయనే గుర్తొస్తాడు.

అరోరా అన్న: అదీ! వచ్చిన రోజే పాత పిల్లల్ని కూర్చోబెట్టి, పోర్టల్‌లోకి (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితాలోకి) దూకండి, నా లగేజీ నేను తెచ్చుకుంటున్నా అన్నాడు, అంటే తన ఆటగాళ్లని. 80 మందికి పైగా కొత్తవాళ్లు. మా వాడు హైస్కూల్లో ఆఖరి ఏడు, ఆఫెన్సివ్ లైన్. మూడేళ్లుగా తెల్లారి ఐదింటికి జిమ్‌లో దింపుతున్నా. ఎండాకాలంలో వాళ్లంతట వాళ్లే మెసేజ్‌లు పెట్టిన ఒక కాలేజీవాళ్లు, ఇప్పుడు పోర్టల్‌లో ఎవరొస్తారో చూసి చెబుతాం అంటున్నారు. అందరూ ఇదే దారి పట్టారు.

ఫోల్సమ్ పిచ్చోడు: ఇది ముందే చెప్పొచ్చుగా అన్నా. కానీ ఆ తలుపు తీసింది డియాన్ కాదు. ఏడాది ఆడకుండా కూర్చోకుండానే కాలేజీ మారొచ్చని 2021లో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏనే రూలు మార్చింది.

అరోరా అన్న: తలుపు ఎవరు తీస్తే ఏంటి, గుమ్మం బయట నిలబడింది మా వాడు.

ఫోల్సమ్ పిచ్చోడు: బరువెంత?

అరోరా అన్న: 260 పౌండ్లు.

ఫోల్సమ్ పిచ్చోడు: లైన్‌కి తక్కువే అన్నా. అక్కడ మూడొందలు చూస్తారు.

అరోరా అన్న: తెలుసు తమ్ముడూ. రోజూ పొద్దున ఎనిమిది గుడ్లు ఉడకబెట్టేది నేనే.