భారీ సౌర తుఫాను రాత్రి అరోరా: మీ కంటికి ఏం కనిపించింది, కెమెరాకు ఏం చిక్కింది?

కొలంబస్ కుర్రాడు
అందరికీ నమస్కారం. 2024 మే 10 రాత్రి స్నేహితులంతా అరోరా (సౌర తుఫానుకు రాత్రి ఆకాశంలో వెలిగే రంగుల కాంతి) ఫోటోలు పెడుతుంటే నేను ఇండియా విమానంలో ఉన్నాను. అక్టోబరు 10న ఊళ్లోనే ఉన్నా, రిలీజ్ కాల్‌లో ఇరుక్కుపోయాను. ఇంకో పెద్ద తుఫాను వస్తే మాత్రం వదలకూడదని పట్టుదల. డిసెంబరులో అమ్మానాన్న ఒహాయో వస్తున్నారు, వాళ్లకీ చూపించాలని ఆశ. ఇన్‌స్టాలో కనిపించే ఆ రంగులు నిజంగా కంటికి కనిపిస్తాయా? నా దగ్గరున్న మామూలు ఫోన్, పాత డీఎస్ఎల్ఆర్ సరిపోతాయా? చూసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

డాలస్ మామ
ఉన్నది ఉన్నట్టు అంటే, మా ఆవిడ మొదటి మాట "ఇదేనా?"

అక్టోబరు 10న ఊరి లైట్లు దాటాలని ఉత్తరానికి, టెక్సోమా సరస్సు వైపు వెళ్లాం. ఎనిమిది దాటాక ఉత్తర దిక్కున ఎర్రగా, బూడిద రంగుగా ఒక మసక. ఏ పక్క ఊరి వెలుగో అనుకుంటాం, చెప్తే తప్ప తెలియదు. పైగా అర్ధచంద్రుడు వెలుగుతున్నాడు. ఫోన్ కారు బానెట్ మీద ఆనించి నైట్ మోడ్‌లో మూడు సెకన్లు పెట్టగానే స్క్రీన్ నిండా గులాబీ రంగు. ఆ తర్వాత కాసేపు నిలువు చారలు లేచాయి. అవి మాత్రం కంటికే కనిపించాయి. లేత ఎరుపు, నెమ్మదిగా పక్కకు జరుగుతూ. అప్పుడు మా ఆవిడే నా చేతిలో ఫోన్ లాక్కుంది.

మే నెల సంగతి ఇంకోటి. ఏప్రిల్ 8 సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరి మీదుగానే వెళ్లింది కదా, ఆ కళ్లద్దాలు ఇంట్లోనే ఉన్నాయి. తుఫానుకు కారణమైన సూర్యమచ్చల గుంపు, 3664, వాటిలోంచి నేరుగా కనిపించింది. వెడల్పున భూమి లాంటివి 15 పడతాయట. టెలిస్కోప్ లేకుండా సూర్యమచ్చ చూడటం నాకదే మొదలు.

రాడ్స్ అండ్ కోన్స్
మామ గారు చెప్పినదాంట్లో కంటి తప్పేమీ లేదు. మసక చీకట్లో పని చేసే రాడ్ కణాలకు రంగు తెలియదు, ఎరుపు కాంతికైతే అవి దాదాపు స్పందించవు. రంగు చూసే కోన్ కణాలకు అంత తక్కువ వెలుతురు చాలదు. అందుకే మసక అరోరా మనకు బూడిద రంగులో, తెల్లటి మబ్బులా కనిపిస్తుంది. కెమెరా మూడు సెకన్ల వెలుతురును పోగు చేస్తుంది కాబట్టి దానికి రంగు దొరుకుతుంది. వెలుగు ఒక స్థాయి దాటితే మన కంటికీ రంగు వస్తుంది.

టెక్సస్‌లో ఎరుపే ఎందుకంటారా? ఆకుపచ్చ కాంతి సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో, ఎరుపు 200 కిలోమీటర్ల పైన పుడుతుంది. రెండూ ఆక్సిజన్ పరమాణువులవే. దూరంగా దక్షిణాన నిలబడ్డవాడికి అరోరా అడుగు భాగం భూమి వంపు చాటున ఉండిపోతుంది, పై భాగం మాత్రమే దిక్చక్రం మీద కనిపిస్తుంది. ఎర్ర కాంతి ఇవ్వడానికి ఆ పరమాణువు దాదాపు రెండు నిమిషాలు ఆగాలి. కింద గాలి చిక్కన కావడంతో ఆలోపే వేరే పరమాణువులు గుద్దుకుని ఆ శక్తి పోతుంది. ఆకుపచ్చకు ఒక సెకను లోపే చాలు. ఎరుపు మెల్లగా కదులుతున్నట్టు, ఆకుపచ్చ చకచకా ఆడుతున్నట్టు అనిపించేది అందుకే.

బర్మింగ్‌హామ్ బుజ్జి
మాది పూర్తిగా వేరే అనుభవం అండీ. మే 10 శుక్రవారం. ఇక్కడ ఆ నెలలో పది దాటితే గానీ చీకటి పడదు. పదకొండు ప్రాంతంలో పెరట్లోకి వెళ్తే అరోరా ఉత్తరాన కాదు, సరిగ్గా నడినెత్తిన ఉంది! ఒక బిందువు నుంచి నలుదిక్కులకూ కిరణాలు జారుతున్నట్టు. దాన్ని కరోనా అంటారని తర్వాత తెలిసింది. గులాబీ, ఆకుపచ్చ రెండూ కంటికి తెలిశాయి, వీధి దీపాలు వెలుగుతుండగానే. ఫోటోలో రంగు ముదురు, అంతే తేడా.

వీధి వీధంతా నైట్ డ్రెస్సుల్లో బయటే ఉన్నాం. ఇన్నేళ్లుగా తల కూడా ఊపని పక్కింటి పెద్దాయన మా పిల్లలను పిలిచి మరీ చూపించారు. నేను మా అమ్మకు గుంటూరుకు వీడియో కాల్ చేశాను. అక్కడ తెల్లవారుజాము, ఆవిడకు నల్లటి స్క్రీన్ తప్ప ఏమీ కనిపించలేదు. వీడియో కాల్ మీద ఆశ పెట్టుకోకండి.

కొలంబస్ కుర్రాడు
థాంక్స్ అక్కా. ఇంతకీ ఎప్పుడు బయల్దేరాలో ఎలా తెలుస్తుంది? కేపీ 7 అని యాప్ మోగుతుంది, వెళ్తే ఏమీ ఉండదు.

ట్రైపాడ్ తాత
బాబూ, నేను మిన్నెసోటాలో ఉంటాను. రిటైరయ్యాక ఇదే వ్యాపకం. కేపీ చూసి పరుగెత్తకు. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత అల్లాడిందో చెప్పే అంకె అది, మూడు గంటలకు కలిపి ఇస్తారు, ప్రపంచం మొత్తానికి ఒకటే. నీ నెత్తిన ఈ నిమిషం ఏం జరుగుతోందో అది చెప్పదు.

చూడాల్సింది బీజెడ్. సౌర గాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి తిరిగి ఉందా, దక్షిణానికి తిరిగి ఉందా అని చెప్పే అంకె. దక్షిణానికి తిరిగితే, అంటే మైనస్‌లోకి దిగితే, భూమి తలుపు గడియ తీసినట్టే. ప్లస్‌లో ఉంటే ఎంత పెద్ద సౌర పేలుడు వచ్చినా బయటే తచ్చాడి పోతుంది. మైనస్ 10 నానోటెస్లా చాలాసేపు నిలిస్తే నేను బూట్లు వేసుకుంటాను. 2024 మేలో అది మైనస్ 50 దాకా పోయింది.

సూర్యుడి వైపు భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎల్1 అనే బిందువు దగ్గర, ఏస్ లాంటి ఉపగ్రహాలు ఈ కొలతలు తీస్తాయి. గాలి సెకనుకు 750 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే అక్కడి నుంచి మనకు చేరడానికి అరగంట పైచిలుకు. నీకున్న కచ్చితమైన ముందస్తు కబురు అంతే. ఒకటి రెండు రోజుల ముందు అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్లిచ్చే జీ4, జీ5 వాచ్ (తుఫాను తీవ్రత మీద ముందస్తు హెచ్చరిక, జీ5 అన్నిటికంటే పెద్దది) సెలవు పెట్టుకోవడానికి పనికొస్తుంది. మే 2024కు ఇచ్చిన జీ4 వాచ్ 2005 తర్వాత మొదటిది. చివరికి అది జీ5కు చేరింది, 2003 అక్టోబరు తర్వాత మళ్లీ అప్పుడే. ఒకదాని వెనక ఒకటి బయల్దేరిన సౌర పేలుళ్లు దారిలో కలిసిపోవడం వల్ల అంత బలం వచ్చింది.

ఇంకో మాట. అరోరా ఏకధాటిగా ఉండదు. పది పదిహేను నిమిషాలు రెచ్చిపోయి చల్లారుతుంది, గంట తర్వాత మళ్లీ లేస్తుంది. మొదటి విడత అయిపోగానే జనం కార్లెక్కి వెళ్లిపోతారు. నేను అప్పుడు ఫ్లాస్కు తీస్తాను.

డీఎస్ఎల్ఆర్ సంగతి: కిట్ లెన్స్ చాలు, 18 ఎంఎంలో పెట్టి అపర్చర్ పూర్తిగా తెరువు. ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టు, చాలకపోతే 3200. అరోరా మసకగా నిలకడగా ఉంటే 10 నుంచి 15 సెకన్లు. ఆడుతుంటే 2 నుంచి 4 సెకన్లకు తగ్గించు, లేకపోతే కిరణాలన్నీ కలిసిపోయి ఆకుపచ్చ ముద్ద మిగులుతుంది. ఆటోఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో ఒక నక్షత్రాన్ని పెద్దది చేసి, అది వీలైనంత చిన్న చుక్క అయ్యేదాకా రింగ్ తిప్పి, రింగ్‌కు టేప్ అంటించు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు, 3500 లేదా 4000 కెల్విన్ దగ్గర కట్టెయ్యి. రా ఫార్మాట్‌లో తియ్యి. చీకట్లో కెమెరా స్క్రీన్ ప్రతి ఫోటోనూ బాగున్నట్టే చూపిస్తుంది, వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫ్‌ను, అంటే హిస్టోగ్రామ్‌ను నమ్ము.

పిక్సెల్ ప్రసాదం
ఫోన్ వాళ్లకు నా వంతు. చేత్తో పట్టుకుంటే కదులుతుంది. చిన్న ట్రైపాడ్ పెట్టి మూడు సెకన్ల టైమర్ వాడండి. 1ఎక్స్ మెయిన్ లెన్సే మంచిది, 0.5ఎక్స్ చాలా ఫోన్లలో వెలుతురు తక్కువ పడుతుంది. ఐఫోన్ కదలకుండా ఉంటేనే నైట్ మోడ్ 30 సెకన్ల దాకా పెంచుకోనిస్తుంది, కానీ 30 వద్దు, 3 నుంచి 10 చాలు. పిక్సెల్‌లో ఆస్ట్రో మోడ్ నాలుగు నిమిషాలు తీస్తుంది. నక్షత్రాలకు బంగారం, అరోరాకు దండగ, కదిలేదంతా చెరిగిపోతుంది.

ఫెయిర్‌బ్యాంక్స్ ఫిల్టర్ కాఫీ
అలాస్కా నుంచి. ఇరవై ఏళ్లలో అతి పెద్ద తుఫాను వచ్చిన మే 10 రాత్రి మాకు అసలు చీకటే లేదు! మేలో ఇక్కడ సంధ్య వెలుగు తెల్లవార్లూ ఉంటుంది. ఫ్లోరిడా వాళ్లు ఫోటోలు పంపి ఎక్కిరించారు. అంటే తుఫాను బలం ఒక్కటే లెక్క కాదు. మామూలు మార్చి రాత్రి కేపీ 3 ఉన్నా మాకు ఆకాశం నిండుతుంది.

చలికాలం వెళ్లేవాళ్లకు: బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి. మైనస్ 30లో నిండు బ్యాటరీ కూడా చూస్తుండగానే ఖాళీ అవుతుంది. లెన్స్ మీద ఊపిరి వదిలితే అక్కడే మంచు కడుతుంది, తుడిస్తే గీతలు పడతాయి. ఇంట్లోని వెచ్చటి గాలికి తేమ పట్టకుండా, లోపలికి వచ్చే ముందే కెమెరాను జిప్‌లాక్ కవర్లో వేసి మూసెయ్యండి. మెమరీ కార్డు మాత్రం బయటే తీసేసుకోండి, లేకపోతే కవర్ తెరవకుండా రెండు గంటలు ఆగలేరు.

అమీర్‌పేట అన్వేషి
మా వాట్సాప్ గ్రూపులో "హైదరాబాద్‌లో అరోరా" అని ఫోటో తిరుగుతోంది. ఛాన్స్ ఉందా?

లడఖ్ రైడర్
లేదు బ్రో. అరోరాకు మ్యాప్‌లో అక్షాంశం కాదు, అయస్కాంత అక్షాంశం కావాలి. హైదరాబాద్‌ది పదికి లోపే.

మన దేశంలో కనిపించింది లడఖ్‌లోని హాన్లేలో. భారతీయ ఖగోళ భౌతిక సంస్థ అబ్జర్వేటరీ ఉన్న చోటు, ఎత్తు దాదాపు 4,500 మీటర్లు. మే 10 అర్ధరాత్రి దాటాక అక్కడి ఆల్‌స్కై కెమెరాలో ఉత్తర దిక్కున ఎర్రటి వెలుగు పడింది. అక్టోబరు తుఫానులోనూ పడింది. విచిత్రం ఏంటంటే డాలస్, హాన్లే రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, 32.8 డిగ్రీల దగ్గర ఉన్నాయి. కానీ భూ అయస్కాంత ధ్రువం కెనడా వైపు ఒరిగి ఉంది కాబట్టి అయస్కాంత అక్షాంశంలో డాలస్ నలభై దాటింది, హాన్లే ఇరవై అయిదు దగ్గరే ఆగింది. మామ గారికి చారలు లేచిన రాత్రి ఇక్కడ కెమెరాకు ఎర్రటి పొర దొరికింది.

చరిత్రలో ఇంకా కిందకు కూడా దిగింది. 1872 ఫిబ్రవరి 4 తుఫానుకు బొంబాయిలో కనిపించినట్టు రికార్డు ఉంది. అలాంటిది మళ్లీ వస్తే అరోరా కంటే ముందు కరెంటు, జీపీఎస్ గురించి మాట్లాడుకుంటాం. 2024 మేలోనే అమెరికాలో విత్తనాలు వేసే ట్రాక్టర్లు జీపీఎస్ తప్పి పొలాల్లో ఆగిపోయాయి.

కేవలం అరోరా కోసం మాత్రం హాన్లే వెళ్లకండి. పాలపుంత కోసం వెళ్లండి, అది ఖాయం. లేహ్‌లో ఒంటికి ఆ ఎత్తు అలవాటయ్యేదాకా ఆగి మరీ వెళ్లండి. అది డార్క్ స్కై రిజర్వ్, హెడ్‌లైట్లు వేసుకుని తిరిగితే ఊరివాళ్లే ఆపుతారు.

సూళ్లూరుపేట సూర్యం
ఎల్1 మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. అక్కడ మనదీ ఒకటుంది, ఆదిత్య ఎల్1. 2023 సెప్టెంబరు 2న మా ఇంటి మేడ మీద నుంచే పైకి వెళ్లడం చూశాం, 2024 జనవరి 6న కక్ష్యలోకి చేరింది. మే తుఫాను సౌర గాలిని దాని ఆస్పెక్స్ పరికరం కొలిచింది. అరోరా మా ఆకాశంలో లేకపోతేనేం, తుఫాను మన ఉపగ్రహానికి తగిలే వెళ్లింది.

మెల్‌బోర్న్ మిర్చి
ఆస్ట్రేలియా వాళ్లు దక్షిణానికి తిరగండి! మే 11 శనివారం రాత్రి ఇక్కడి బీచ్ రోడ్లన్నీ జామ్. వచ్చిన ప్రతి కారూ హెడ్‌లైట్లు మా లెన్సుల్లోకే కొట్టింది. ముందే పార్క్ చేసుకుని, టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి.

నెగెటివ్ నాయుడు
ఒక గొడవ తేల్చండి. కంటికి బూడిద రంగు కనిపించినప్పుడు ముదురు గులాబీ ఫోటో పెట్టడం మోసం కాదా?

ట్రైపాడ్ తాత
సెన్సర్ పట్టిన రంగు అబద్ధం కాదు, ఆ కాంతి అక్కడ ఉంది. సాచురేషన్ స్లైడర్‌ను చివరికి లాగడం మాత్రం అబద్ధమే. నక్షత్రాలు కూడా గులాబీ రంగులోకి మారాయంటే చెయ్యి ఎక్కువైందని అర్థం. ఎక్స్‌పోజర్ ఎన్ని సెకన్లో ఫోటో కింద రాస్తే చూసేవాళ్లు మోసపోరు. నేనైతే "కంటికి ఇంతే కనిపించింది" అని ఇంకో ఫోటో వెలుతురు తగ్గించి పక్కన పెడతాను. దానికి లైకులు రావు.

కొలంబస్ కుర్రాడు
డిసెంబరులో ఎరీ సరస్సు దక్షిణపు ఒడ్డుకు వెళ్దామని ప్లాన్. ఉత్తరానికి అంతా నీళ్లే కదా, అడ్డు ఉండదు. ఓకేనా?

క్లీవ్‌ల్యాండ్ కాకరకాయ
చోటు మంచిదే, నెల మంచిది కాదు. డిసెంబరులో ఇక్కడ సరస్సు మీద నుంచి మబ్బులు వస్తూనే ఉంటాయి. బీజెడ్ కంటే ముందు మబ్బుల మ్యాప్ చూడాలి, అవసరమైతే ఒడ్డు వదిలేసి లోపలికి, ఆకాశం తెరిపిగా ఉన్న వైపుకు వెళ్లిపోవాలి. పైగా విషువత్తుల చుట్టూ, అంటే మార్చి, సెప్టెంబరు నెలల్లో, తుఫానులు బలపడే అవకాశం ఎక్కువ. అమ్మానాన్నలకు మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు కదా, రిటర్న్ టికెట్ ఏప్రిల్‌కు తీయండి.