పోకర్ మానేసినవాడికి ఏటీఎం కార్డు తిరిగి ఇవ్వొచ్చా?

బ్రాడీపేట అక్క:
మాది గుంటూరు. తమ్ముడికి బెజవాడలో ఉద్యోగం, బెంజి సర్కిల్ దగ్గర ఆఫీసు. ఆన్‌లైన్ పోకర్‌లో పడి జీతం, పర్సనల్ లోను, లోన్ యాప్‌లు, స్నేహితుల దగ్గర చేబదుళ్లు, అన్నీ ఊడ్చిపెట్టాడు. 2020లో మన రాష్ట్రంలో నిషేధం వచ్చాక కూడా లొకేషన్ మార్చే యాప్ పెట్టుకుని బెంగళూరులో ఉన్నట్టు చూపించి ఆడేవాడట. బయటపడ్డాక నాన్న ఊళ్లో అర ఎకరం అమ్మి అప్పులు కట్టారు. డాక్టరుకు చూపించాం, కౌన్సెలింగ్ నడిచింది, ఆట మానేసి ఏడాది దాటింది. కార్డు మాత్రం ఇప్పటికీ నాన్న దగ్గరే. ఫోన్‌లో యూపీఐ లేదు, పెట్రోలుకని వారానికింత చేతికిస్తారు. మొన్న టిఫిన్ సెంటర్లో తోటివాళ్లంతా స్కాన్ చేసి కడుతుంటే వీడు ఇడ్లీ ప్లేటు పట్టుకుని, ఫోన్ వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకుని పక్కకెళ్లి నిలబడ్డాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇచ్చేయమని నేను, ఇవ్వనని నాన్న. మీరేమంటారు?

ఆటోనగర్ అన్న:
ఇచ్చేయండమ్మా, ఆలోచించాల్సిందేం లేదు. ముందు ఒక మాట, పోకర్ జూదం కాదు, నైపుణ్యంతో ఆడే ఆట. రమ్మీ నైపుణ్యం ఆటేనని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులో. ఎంత పెట్టాలో ఎక్కడ లేవాలో తెలియక మీ తమ్ముడు పోగొట్టుకున్నాడు, అంతే. దానికి జబ్బని పేరు పెట్టి డాక్టర్ల చుట్టూ తిప్పి, ఇంట్లోవాళ్లే చేతగానివాడని ముద్ర వేస్తే వాడు తలెత్తుకు తిరిగేదెప్పుడు?

కృష్ణలంక:
ఇవ్వకండి. మా ఇంట్లో ఒట్టేసిన ప్రతిసారీ మా మామగారు కొడుకు మొహం చూసి కరిగిపోయి కార్డు ఇచ్చేవారు. జీతం పడ్డ రాత్రే మళ్లీ మొదలు. బాత్రూంలో కుళాయి వదిలేసి లోపల కూర్చుని ఆడేవాడు, బయట నేను ట్యాంకు ఖాళీ అవుతోందని తలుపు కొట్టేదాన్ని. ఏడాది ఎంతండీ? అప్పులవాళ్లు ఇంటికొచ్చి అరిచిన అరుపులు నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి.

మిర్చియార్డు:
2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చి డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపించింది కదా, ఇంకా భయమెందుకు?

కృష్ణలంక:
విదేశీ సైట్లు ఆగాయా? ఆడాలనుకున్నవాడికి లొకేషన్ మార్చడం ఎలాగో ఇప్పటికే వచ్చు.

అరండల్‌పేట:
ఆటోనగర్ అన్నా, ఆ తీర్పు సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన రమ్మీ కేసు. పూర్తిగా చదవండి. ఆట నడిపేవాడు దాని మీద లాభం తీస్తున్నట్టు రుజువైతే నేరం కావచ్చని కూడా అందులోనే ఉంది. మరి సైటువాడు ప్రతి ఆటలో పోగైన పందెం సొమ్ము నుంచి రేక్ అని తన వాటా కోసుకోడా? మనం గెలిచినా ఓడినా వాడి కోత వాడిదే.

ఆటోనగర్ అన్న:
రేక్ లేని వ్యాపారం ఏది? చేతిలో రెండు ఏసులుండి, ఎదుటివాడి దగ్గర రెండు కింగులుంటే ఆల్ ఇన్, అంటే ఉన్నదంతా పందెం పెట్టినా నూటికి ఎనభై సార్లు గెలుపు మనదే, ఇది లెక్క. మూడుముక్కలాట ఉత్త అదృష్టమని అదే తీర్పులో విడిగా చెప్పారు, అది చదవలేదా మీరు? నేను ప్రతి ఆటా నోట్సులో రాసుకుని ఆడినవాణ్ణి. తెలియనివాళ్లు అన్నిటినీ ఒకే గాట కట్టేస్తారు.

కృష్ణలంక:
ఆవిడ అడిగింది కార్డు గురించి. తీర్పుల గురించి కాదు.

లాడ్జి సెంటర్:
అన్నా, నేనూ ఆడినవాణ్ణే కాబట్టి చెబుతున్నా. ఆ మిగతా ఇరవై సార్ల దగ్గరే మనిషి పోతాడు. ఏసులు పట్టుకుని ఓడిన రాత్రి, లెక్కలు బాగా వచ్చినవాడే న్యాయంగా నాకు రావాల్సింది పోయిందని ఇంకా పెద్ద టేబుల్‌కి వెళ్తాడు. ఎదురెదురుగా కూర్చుని ఆడితే గంటకు పాతిక, ముప్పై ఆటలు. ఫోన్‌లో ఒక్క టేబుల్లోనే అరవై దాటతాయి, మేం ఒకేసారి నాలుగు టేబుళ్లు తెరిచేవాళ్లం. తెల్లారేసరికి ఎంత పోయిందో కూడా గుర్తుండదు. నైపుణ్యం ఆటే అనుకుందాం, అయినా మానలేకపోవడం జబ్బే, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో గ్యాంబ్లింగ్ డిజార్డర్ ఉంది.

అక్కా, మీ నాన్నగారికి, మీకూ కుదిరే దారి ఒకటుంది. యూపీఐ సర్కిల్ అని పెట్టుకోవచ్చు. ఖాతా ఇంట్లో ఒకరిది, వాడి ఫోన్ నుంచి స్కాన్ చేసి కట్టొచ్చు, నెలకు 15,000 వరకే, ఒక్కోసారి 5,000 మించదు. ఇంకా తక్కువ కూడా పెట్టుకోవచ్చు. టిఫిన్ సెంటర్లో నలుగురితో పాటే కడతాడు, ఎక్కడెంత ఖర్చయిందో ఇంట్లో కనిపిస్తుంది. సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది, వాడి ముందే తీసి చూడండి, కొత్త లోన్లు ఉంటే చాలావరకు అందులో తేలతాయి. మళ్లీ ఆడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయమనండి, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. నాకు పనిచేసింది ఇదే, డబ్బు చేతికి అందకపోవడం. మందు మానినవాణ్ణి వైన్ షాపులో గుమాస్తాగా పెట్టరు కదా.

ఆటోనగర్ అన్న:
అంటే జన్మంతా నిఘానే. ఇంతకంటే జైలు నయం.

కృష్ణలంక:
మీరు గెలిచానంటున్న డబ్బేదండీ? నోట్సులో రాసుకుని ఆడారు కదా, చివరికి లెక్క ఎంత తేలింది? మా ఆయనా ఇవే మాటలు, ఇదే ఎనభై శాతం. నా తాళిబొట్టు గొలుసు తాకట్టు పెట్టిన రోజు కూడా నాకు ఏసులూ కింగులూ చెప్పాడు.

ఆటోనగర్ అన్న:
ఎంత తేలిందో చెబుతా వినండి. కారు పోయింది. పటమటలో ఫ్లాటుకు కట్టిన అడ్వాన్సు పోయింది. మానేసి ఏళ్లయింది, ఒక్క ముక్క ముట్టలేదు. ఇప్పటికీ మా ఆవిడ నా జేబులు వెతుకుతుంది. కూతురి పెళ్లి మాటలప్పుడు వియ్యాలవారి ముందే మా బావమరిది "డబ్బు సంగతి మాత్రం బావతో మాట్లాడకండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆడింది ఆటే, నేను రోగిని కాను, పిచ్చివాణ్ణి కాను. ఆ ఒక్కటైనా నాకు మిగలనివ్వండి.

లాడ్జి సెంటర్:
అన్నా, జబ్బంటే పిచ్చి అని కాదు. బావమరిది అన్నది తప్పే, అలా అనకూడదు.

కృష్ణలంక:
అది తప్పేనండీ, నేనూ ఒప్పుకుంటా. అయినా అడుగుతున్నా, మీ ఆవిడ పోగొట్టుకున్నది మీరు తిరిగి ఇచ్చారా? బ్రాడీపేట అక్కా, మిమ్మల్నీ అడుగుతున్నా. ఇంతసేపూ తమ్ముడన్నారు, నాన్నన్నారు. మీ మరదలు ఏమంటోంది? ఆ అమ్మాయి బంగారం ఎక్కడుంది?

బ్రాడీపేట అక్క:
ఆ అమ్మాయి ఏమీ అనదండీ, నెమ్మదస్తురాలు. బంగారం తాకట్టులోనే ఉంది. వడ్డీ మాత్రం నాన్న కడుతున్నారు.

కృష్ణలంక:
అదిగో. లోన్ యాప్‌వాడు తిడతాడని వాడిది కట్టారు, స్నేహితులు పరువు తీస్తారని వాళ్లవి కట్టారు. నోరెత్తని మనిషిది మాత్రం అప్పుల చిట్టాలోనే రాయలేదు. మా ఇంట్లోనూ అంతే. బయటి అప్పులు తీరిన రోజు మా అత్తగారు దీపం పెట్టి గండం గడిచిందన్నారు, నా మెళ్లో పసుపుతాడు ఎవరికీ కనపడలేదు. నాకు కోపం ఆట మీద కూడా కాదండీ.

అరండల్‌పేట:
స్త్రీధనం పూర్తిగా ఆవిడ సొత్తు, భర్త కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు కూడా చదవండి అన్నా.

బ్రాడీపేట అక్క:
పొద్దున మరదలితో మాట్లాడాను. మొదట ఏం లేదు వదినా అంది, తర్వాత చాలాసేపు ఏడ్చింది. కార్డు ఇవ్వడం, ఇవ్వకపోవడం కాదట. ఆయన జీతం నా చేతుల మీదుగా నడవాలి, నెలనెలా కొంత కట్టి ముందు బంగారం విడిపించాలి, ఈ సంగతి మామయ్యగారితో మీరే చెప్పండి అంది. నాన్నకు చెబితే గయ్యిమన్నారు. కోడలి చేతికి తాళాలు ఇవ్వాలా, నా కొడుకుని నేను చూసుకోలేనా అని. తమ్ముడి గురించి అనుకున్న గొడవ ఇప్పుడు ఇటు తిరిగింది. నేను మరదలి పక్షమే. ఆదివారం బెజవాడ వెళ్తున్నా, బంగారం రసీదులు, సిబిల్ రిపోర్టు ముందు పెట్టుకుని నలుగురం కూర్చుంటాం.

ఆటోనగర్ అన్న:
బంగారం ముందు విడిపించడం న్యాయమే, దానికి నేను అడ్డు చెప్పను. కానీ ఆ మాట తమ్ముడి నోటితో చెప్పించండి, వాడి తలమీద మీరంతా కలిసి పెట్టినట్టు కాకుండా. ఆ సర్కిల్ ఏదో ఆదివారమే పెట్టించండి.

కృష్ణలంక:
మొదట ఆ అమ్మాయిని మాట్లాడనివ్వండి. తర్వాత తమ్ముడు.