నాటాల్ వెళ్లిన ముత్తాతగారి తమ్ముడి ఆచూకీ

ప్రశ్న: మాది శ్రీకాకుళం ప్రాంతం. మా ముత్తాతగారి తమ్ముడు 1900 ప్రాంతంలో మద్రాసు రేవులో ఓడెక్కి, దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలిగా వెళ్లారని ఇంట్లో చెబుతారు. ఆ తరువాత ఆయన నుంచి కబురు లేదు. ఎక్కడ వెతకాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: 1860 నుంచి 1911 వరకు నాటాల్ చేరిన ఒప్పంద కూలీల ఓడ జాబితాలు నిలిచి ఉన్నాయి. వాటిలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చి, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాశారు. ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోకండి. తండ్రి పేరునూ ఊరినీ కలిపి వెతకండి. సంఖ్య దొరికితే, ఆయన ఏ యజమాని దగ్గర పనిచేశారో తెలుసుకోవడానికి దారి దొరుకుతుంది.

మరో జవాబు: జిల్లా విషయంలో జాగ్రత్త. అప్పట్లో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, దొరల రాతల్లో అది 'చికాకోల్'. గుమాస్తాలు చెవిన పడినట్టు రాసుకున్నందున అప్పలస్వామి 'అప్పల్సామి' అయి ఉండవచ్చు.

ఇంకొకరు: వెళ్లింది నాటాల్‌కేనని ముందు నిర్ధారించుకోండి. మన తీరం నుంచి బర్మాలోని రంగూన్ వెళ్లినవారు చాలా ఎక్కువ. వారిని కూలీలను కుదిర్చే మేస్త్రీలు తీసుకుపోయేవారు కనుక ఇంత వివరమైన జాబితాలు అక్కడ ఆశించలేము. పాత దస్తావేజుల్లో ఆయన వాటా ఎవరి పేరున మారిందో కూడా చూడండి.