స్త్రీవాదం ఒకటే కదా, నల్లజాతి స్త్రీవాదం అని విడిగా ఎందుకు? (అట్లాంటాకు కొత్త, కాస్త చెప్పండి)

కొత్త స్టూడెంట్, అట్లాంటా

అందరికీ నమస్తే. ఆగస్టులో ఇక్కడికి వచ్చాను, పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్. మాది ఖమ్మం దగ్గర. ఒక ఎలెక్టివ్ తీసుకున్నాను, మొదటి వారాలన్నీ నల్లజాతి స్త్రీవాదం మీదే. కొంబాహీ రివర్ కలెక్టివ్ అనే నల్లజాతి స్త్రీవాదుల బృందం ప్రకటన చదివి రెండు పేజీలు రాయమన్నారు. ఇంగ్లీషు అర్థమవుతోంది కానీ వెనక ఏం జరిగిందో తెలియక ఏం రాయాలో తోచడం లేదు. క్లాసులో సగం మంది నల్లజాతి అమ్మాయిలే, నోరు తెరవాలంటే టెన్షన్‌గా ఉంది. నేను ఉంటున్న ఇంటి అంకుల్ "అవి వాళ్ళ గొడవలు, నువ్వు నీ చదువు చూసుకో" అంటున్నారు. ఆడవాళ్ళ కష్టాలు ఎక్కడైనా ఒకటే కదా, మళ్ళీ ఇది విడిగా ఎందుకు? ఇందులో మనం ఎక్కడ ఉంటాం? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు, డెకేటర్ నుంచి

చెల్లీ, మీ అంకుల్ నీ మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన మాట వినకు. 1965కు ముందు మన దేశం నుంచి ఇక్కడికి ఏడాదికి వంద మందికే కోటా ఉండేది. ఆ ఏడాది ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది, అక్టోబర్‌లో ఇమిగ్రేషన్ చట్టం మారింది. నల్లజాతి వాళ్ళు లాఠీదెబ్బలు తిని, జైళ్ళకు వెళ్ళి ఈ దేశంలో జాతి లెక్కల్ని కదిలించిన కాలం అది, ఆ ఊపులోనే మనకూ తలుపు తెరుచుకుంది. ఆల్ఫరెటాలో, కమింగ్‌లో ఈ రోజు మన ఇళ్ళు ఇన్ని ఉన్నాయంటే అందులో వాళ్ళ పోరాటం ఉంది. కాబట్టి "వాళ్ళ గొడవ" అనే మాట నాకు మింగుడుపడదు.

ఇక నీ ప్రశ్న. అది విడిగా రాలేదమ్మా, మొదటి నుంచీ ఉంది, పక్కకు నెట్టారు. 1851లో ఒహాయోలోని ఆక్రన్‌లో ఆడవాళ్ళ హక్కుల సభ జరిగితే సోజర్నర్ ట్రూత్ లేచి మాట్లాడింది. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసగా పుట్టింది, చిన్నప్పుడు ఆమెకు వచ్చింది డచ్చి భాషే. నేను పొలం దున్నాను, పంట కోశాను, ఏ మగాడికీ తీసిపోను అంది. పన్నెండేళ్ళ తర్వాత ఒక తెల్లజాతి ఉద్యమకారిణి ఆ ప్రసంగాన్ని దక్షిణాది బానిసల యాసలోకి మార్చి అచ్చువేసింది, ఇప్పటికీ జనం ఎక్కువగా చదివేది ఆ మార్చిన రూపమే. 1869లో నల్లజాతి మగవాళ్ళకు ఓటు ఇచ్చే రాజ్యాంగం 15వ సవరణ దగ్గర, ఆడవాళ్ళను వదిలేశారని తెల్లజాతి నాయకురాళ్ళు ఎలిజబెత్ స్టాంటన్, సూసన్ ఆంథనీ అడ్డం తిరిగారు, ఉద్యమం రెండుగా చీలింది. ఫ్రాన్సెస్ హార్పర్ అనే నల్లజాతి కవయిత్రి ఆ రోజు సవరణ వైపే నిలబడాల్సి వచ్చింది. తను ఆడమనిషా, నల్లమనిషా, ఒకటి తేల్చుకో అన్నట్టు పెట్టారు ఆమెను. 1913 మార్చిలో వాషింగ్టన్‌లో ఓటు హక్కు ఊరేగింపు జరిగితే నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్‌ను వెనక వరసలో నడవమన్నారు, ఆమె ఒప్పుకోకుండా దారి మధ్యలో జనంలోంచి వచ్చి తన ఇల్లినాయ్ బృందంతోనే నడిచింది. 1920లో ఆడవాళ్ళకు ఓటు వచ్చిందని పుస్తకాల్లో రాస్తారు కదా, మన జార్జియాలాంటి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి ఆడవాళ్ళలో చాలామందికి అది నిజంగా చేతికొచ్చింది 1965 తర్వాతే.

అసలు తేడా పని దగ్గర కనిపిస్తుంది, నువ్వు ఉన్న ఊరిలోనే చూడు. 1881 జులైలో అట్లాంటాలో ఇరవై మంది బట్టలుతికే నల్లజాతి ఆడవాళ్ళు సంఘం పెట్టారు, మూడు వారాల్లో మూడు వేల మంది అయ్యారు, కూలి రేటు మేమే చెబుతాం అని సమ్మె చేశారు. అప్పటికి బానిసత్వం పోయి పదహారేళ్ళే. మళ్ళీ ఇదే ఊళ్ళో 1968లో డొరతీ బోల్డెన్ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు యూనియన్ పెట్టింది, ఆవిడ స్వయంగా చిన్నప్పటి నుంచి ఇళ్ళల్లో పనిచేసిన మనిషి. ఈ రెండిటికీ మధ్య, 1963లో బెట్టీ ఫ్రీడన్ పుస్తకం వచ్చింది, చదువుకున్న ఆడవాళ్ళు ఇంట్లో బందీలైపోయారు, బయటికొచ్చి ఉద్యోగం చేస్తే విముక్తి అని. ఆ బాధ అబద్ధం కాదు. కానీ ఆమె బయటికి వెళ్తే ఆ ఇంట్లో అంట్లు ఎవరు తోమాలి, పిల్లల్ని ఎవరు చూడాలి? 1984లో నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ సూటిగా అడిగింది ఇదే. డొరతీ బోల్డెన్ యూనియన్‌లో ఉన్నవాళ్ళకు పని కొత్త కాదు, తరతరాలుగా చేస్తూనే ఉన్నారు, వాళ్ళకు కావాల్సింది కూలి, మర్యాద, సాయంత్రం తమ పిల్లల దగ్గరికి వెళ్ళే టైము.

కొంబాహీ వాళ్ళ సంగతి. 1974లో బోస్టన్‌లో మొదలైన చిన్న గుంపు, బార్బరా స్మిత్, ఆమె కవల చెల్లెలు బెవర్లీ, డెమిటా ఫ్రేజియర్ 1977లో ఆ ప్రకటన రాశారు. కొంబాహీ అనేది సౌత్ కారొలైనాలో నది, 1863లో, తనూ బానిసత్వం నుంచి పారిపోయి బయటపడ్డ హ్యారియెట్ టబ్‌మన్ సైన్యంతో వెళ్ళి ఏడు వందల మందికి పైగా బానిసల్ని విడిపించిన చోటు. ఒక సంగతి జాగ్రత్తగా చదువు: వాళ్ళు నల్లజాతి మగవాళ్ళ నుంచి విడిపోతాం అనలేదు, జాతి వివక్ష మీద వాళ్ళతో కలిసి కొట్లాడతాం, మగ పెత్తనం మీద వాళ్ళతోనే కొట్లాడతాం అన్నారు. 1979లో మొదటి అయిదు నెలల్లో బోస్టన్‌లో పన్నెండు మంది నల్లజాతి ఆడవాళ్ళు హత్యకు గురయ్యారు. నిరసన సభల్లో మాట్లాడినవాళ్ళు దీన్ని జాతి సమస్యగానే చూశారు, మగవాళ్ళు తమ ఆడవాళ్ళను కాపాడుకోవాలన్నారు. చచ్చిపోయినవాళ్ళంతా ఆడవాళ్ళే అన్న మాట ఎవరి నోటా రాకపోతే కొంబాహీ వాళ్ళే కరపత్రం వేశారు, సంఖ్య పెరుగుతుంటే పాతది కొట్టేసి కొత్తది వేస్తూ పంచారు. నీ రెండు పేజీలకు నన్నడిగితే ఇక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

ఇంటర్‌సెక్షనాలిటీ అనే మాట క్లాసులో రోజూ వినిపిస్తుంది, జాతి వివక్ష, ఆడదన్న వివక్ష ఒకే మనిషి మీద కలిసి పడటం అని. అది 1989లో కింబర్లీ క్రెన్‌షా అనే లా ప్రొఫెసర్ రాసిన వ్యాసంలోంచి వచ్చింది, ఆవిడ తీసుకున్న కేసుల్లో ఒకటి సెయింట్ లూయిస్‌లోని జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి ఆడవాళ్ళు వేసింది. 1964కు ముందు కంపెనీ నల్లజాతి ఆడవాళ్ళను దాదాపు తీసుకోలేదు, తర్వాత తీసుకున్నవాళ్ళను మాంద్యం రాగానే జూనియర్లని తీసేసింది. ఆడవాళ్ళ మీద వివక్ష లేదు, తెల్ల ఆడవాళ్ళను తీసుకున్నారుగా అంది కోర్టు 1976లో. జాతి సంగతైతే అదే కంపెనీ మీద జాతి వివక్ష గురించి నడుస్తున్న ఇంకో కేసులో కలవండి అంది. రెండూ కలిపి అడగడానికి లేదంది.

జవాబు, హ్యూస్టన్ నుంచి (నర్సుని)

పైన అక్క చాలా బాగా చెప్పారు. మీరు పబ్లిక్ హెల్త్ అన్నారు కాబట్టి ఇది నేను చెప్పాలి. మెడికెయిడ్ మీద, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మీద, ట్యూబెక్టమీ చేయించుకోవాలంటే సంతకం పెట్టాక 30 రోజులు ఆగాలి, మీరు ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే ఆ ఫారం చూస్తారు. అది ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పరు. 1961లో మిసిసిపీలో ఫానీ లూ హేమర్ అనే నల్లజాతి ఆవిడ, తర్వాత ఓటు హక్కు ఉద్యమంలో పేరు తెచ్చుకున్న మనిషి, కణితి తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే అడక్కుండా గర్భసంచే తీసేశారు. 1973లో అలబామాలోని మాంట్‌గామరీలో పన్నెండు, పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్లలు, రెల్ఫ్ అక్కాచెల్లెళ్ళకు ప్రభుత్వ డబ్బుతో నడిచే క్లినిక్ ద్వారా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారు, చదువురాని తల్లి చేత కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టించుకుని. ఆ కేసు తర్వాతే రూల్స్ గట్టిపడ్డాయి.

ఇప్పుడు చూడండి. ఈ గడువు కోసం నల్లజాతి, పోర్టోరికో ఆడవాళ్ళు పోరాడుతుంటే కొన్ని తెల్లజాతి స్త్రీల సంఘాలు వద్దన్నాయి, ఎందుకంటే వాళ్ళను డాక్టర్లు ఆపరేషన్ అడిగినా చేయకుండా తిప్పేవాళ్ళు, వాళ్ళకు గడువు అంటే ఇంకో అడ్డం. ఇద్దరి అనుభవమూ నిజమే, కానీ ఒకరికి పనికొచ్చే రూల్ ఇంకొకరిని బలి తీసుకుంటుంది. "ఆడవాళ్ళ కష్టాలు ఎక్కడైనా ఒకటే" అన్నారు కదా, అది నిలవనిది ఇక్కడే. 1994లో చికాగోలో పన్నెండు మంది నల్లజాతి ఆడవాళ్ళు కూర్చుని, పిల్లలు వద్దనుకునే హక్కుతో పాటు కనే హక్కు, కన్నవాళ్ళను భద్రంగా పెంచుకునే హక్కు కూడా కావాలని రిప్రొడక్టివ్ జస్టిస్ అని మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన సిస్టర్‌సాంగ్ సంస్థ మీ అట్లాంటాలోనే ఉంది.

మనకూ ఇది కొత్త కాదండీ. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ట్రయల్ జరిగితే, పేద ఆడవాళ్ళకు సరిగా చెప్పకుండా ఇస్తున్నారని హైదరాబాద్ స్త్రీశక్తి సంఘటన వాళ్ళు పట్టుకున్నారు, మరుసటి ఏడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మీ పేపర్‌లో పెట్టండి, మీ ప్రొఫెసర్‌కి కూడా తెలిసి ఉండదు.

జవాబు, లండన్ నుంచి

ఇక్కడి కథ వేరు. 1978లో ఆఫ్రికన్, కరీబియన్, ఏషియన్ ఆడవాళ్ళు కలిసి ఒకే సంఘం పెట్టారు, ఓవాడ్ అని. ఆ రోజుల్లో ఇక్కడ మన ఏషియన్లు కూడా ఉద్యమాల్లో "బ్లాక్" అనే చెప్పుకునేవాళ్ళు. 1979లో హీత్రోలో మన దేశం నుంచి పెళ్ళి చేసుకోవడానికి వచ్చిన టీచర్‌కు కన్యాత్వ పరీక్ష చేశారని బయటపడితే ఎయిర్‌పోర్టులో ధర్నా చేసింది వాళ్ళే. ఆ టీచర్ కోసం కరీబియన్ ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు, అది మనం మర్చిపోకూడదు. ఓవాడ్ ఎక్కువ కాలం నిలవలేదు, లోపల తేడాలు వచ్చాయి. అదే 1979లో మొదలైన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ మాత్రం ఇంకా ఉంది, ఇంట్లో హింస భరించలేక బయటపడే మన ఆడవాళ్ళకు ఇప్పటికీ దిక్కు. అమెరికాలో మాత్రం "మేమూ నల్లవాళ్ళమే" అనకమ్మా, అక్కడి చరిత్ర వేరు.

జవాబు, న్యూజెర్సీ నుంచి

అందరూ చెప్పారు, ఎవరూ అనని మాట నేను అంటాను. "ఇందులో మనం ఎక్కడ" అని అడిగావు. ఆ "మనం" ఎవరు చెల్లీ? నేను మాదిగ ఇంటి ఆడపిల్లని. 1993లో తెలుగులో స్త్రీవాద కవిత్వమంతా నీలిమేఘాలు అని వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం, కానీ మా అమ్మలు నాట్లు వేసే బురద, ఊరి చివర బావి, దొర ఇంటి వాకిలి అందులో ఎంత ఉన్నాయి అని దళిత ఆడవాళ్ళు అడిగారు. గోగు శ్యామల 2003లో దళిత స్త్రీల రచనల సంకలనం నల్లపొద్దు తెచ్చింది, జూపాక సుభద్ర, చల్లపల్లి స్వరూపరాణి రాశారు. మా మగవాళ్ళ సంఘాల్లో మా గొంతు వినరు, మీ ఆడవాళ్ళ సంఘాల్లో మా కులం వినరు. కొంబాహీ ప్రకటన మొదటిసారి చదివినప్పుడు ఇది మా వాడలో రాసినట్టుందే అనిపించింది నాకు. ఫూలే 1873లోనే గులాంగిరి పుస్తకాన్ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు, అంబేద్కర్ 1946లో ఇక్కడి నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు, 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఆ పేరు ఇక్కడి నల్లజాతి వాళ్ళ బ్లాక్ పాంథర్స్ నుంచే తెచ్చుకున్నారు. ఈ దారి కొత్తగా వేయాల్సింది కాదు.

కాబట్టి నువ్వు ఏ ఇంటి నుంచి వచ్చావో నిజాయితీగా చూసుకుని రాయి. పెద్ద కులం అయితే క్లాసులో "నేనూ వివక్షకు గురైన గోధుమరంగు ఆడదాన్నే" అని ఆగిపోవద్దు, మీ ఇంట్లో పనిమనిషికి గ్లాసు వేరుగా ఉందా లేదా అది కూడా రాయి. మా వాళ్ళ పిల్లవైతే ఎవరికీ భయపడకు, నీకు చెప్పుకోవడానికి చాలా ఉంది.

కొత్త స్టూడెంట్, అట్లాంటా

అందరికీ చాలా థాంక్స్. న్యూజెర్సీ అక్కా, మా ఇంట్లో గ్లాసు వేరుగానే ఉండేది. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తాను. క్లాసులో ఎలా మాట్లాడాలి, ఇంకా ఏం చదవాలి, పుస్తకాలన్నీ కొనాలంటే కష్టం.

జవాబు, డెకేటర్ నుంచి

క్లాసులో మొదటి రెండు వారాలు ఎక్కువ విను, కానీ పూర్తిగా మౌనంగా ఉండకు. పక్కనున్న అమ్మాయిని "మీ అమ్మమ్మ ఏం చేసేది" అని నువ్వే తవ్వి అడగకు, ఆమె చెప్పుకుంటే విను. నీ సంగతి నువ్వు చెప్పు, పటాన్‌చెరు చెప్పు. మన పార్టీల్లో ఎవరైనా "నల్లోళ్ళ ఏరియా, అటు వెళ్ళకు" అంటే నవ్వి ఊరుకోకు, అక్కడే ఎందుకు అని అడుగు, ఒక్కసారి అడిగితే చాలామంది రెండోసారి అనరు.

పుస్తకాలకు ఆబర్న్ అవెన్యూ రీసెర్చ్ లైబ్రరీకి వెళ్ళు, నల్లజాతి చరిత్రకే పెట్టిన పబ్లిక్ లైబ్రరీ అది, ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ కాగితాలు స్పెల్‌మన్ కాలేజీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ముందు ఈమెయిల్ పెట్టి వెళ్ళాలి. మా డెకేటర్‌లో ఆగ్నెస్ స్కాట్ కాలేజీ దగ్గర ఛారిస్ అని 1974 నుంచి నడుస్తున్న స్త్రీవాద పుస్తకాల షాపు ఉంది, సాయంత్రాలు చర్చలు పెడతారు. శనివారం వస్తానంటే చెప్పు, మార్టా రైలు ఎక్కి డెకేటర్ స్టేషన్‌లో దిగు, నేను వచ్చి తీసుకెళ్తాను, భోజనం మా ఇంట్లో.