చర్చ: సొంత పొలంలో జనవరి సీజన్‌కి చెకుముకి తుపాకీ చాలదా, స్కోపున్న ఇన్‌లైన్ కావాలా?

సోయాగట్టు

ఒహాయోలో మా కుటుంబానికి 70 ఎకరాలుంది. సగం మొక్కజొన్న, సగం సోయా, వాగు పక్కన 8 ఎకరాల చిట్టడవి. మూడు వైపులా వేరేవాళ్ళ పొలాలు, నాలుగో వైపు కౌంటీ రోడ్డు. కోతలయ్యాక సోయా మడిలో అడ్డం లేకుండా కనపడేది 220 గజాలు. జనవరి మొదట్లో వచ్చే నాలుగు రోజుల మజిల్‌లోడర్ (మందూ గుండూ మూతి నుంచి దట్టించే తుపాకీ) సీజన్‌లో వైట్‌టెయిల్ జింక కోసం ఏది కొనాలో ఇంట్లో తేలడం లేదు. బావమరిది ఇన్‌లైన్ (209 ప్రైమర్ అనే నిప్పు గుళికని మందు వెనకే సూటిగా పెట్టే కొత్తరకం), దాని మీద 3-9 రెట్లు పెద్దగా చూపే స్కోపు అంటాడు. నాకు 50 క్యాలిబర్ చెకుముకి తుపాకీ, అంటే ఫ్లింట్‌లాక్ మీద మనసు. తెలిసినవాళ్ళు కారణం చెప్పి చెప్పండి, "మీ ఇష్టం" అని తప్పించుకోవద్దు.

చెకుముకి_74

ఫ్లింట్‌లాకే. ఒక్క గుండు, దగ్గరి దూరం అనే కదా ఈ సీజన్లు విడిగా పెట్టింది. పెన్సిల్వేనియాలో 1974లో మొదలైన ఫ్లింట్‌లాక్ సీజన్ క్రిస్మస్ తర్వాత వస్తుంది. అందులో ఇప్పటికీ చెకుముకి రాయితో పేలేదే వాడాలి, స్కోపు పనికిరాదు. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్కోపు, సేబట్ (తూటాకి వేసే ప్లాస్టిక్ తొడుగు), పెల్లెట్ (బిళ్ళగా ఒత్తిన మందు) మూడూ నిషేధం. 1985లో తుపాకీలు చేసే టోనీ నైట్ ఎంకే-85 ఇన్‌లైన్ తెచ్చాక ఇన్‌లైన్లకి గిరాకీ పెరిగి, మందు మూతి నుంచి పోస్తారన్న మాటే మిగిలింది. తక్కినదంతా మామూలు రైఫిలే.

లోడు: 0.490 అంగుళాల సీసపు గుండు, దాని చుట్టూ 0.015 అంగుళాల మందం గుడ్డ ప్యాచ్‌కి గ్రీజు, 2ఎఫ్ (కాస్త ముతక) నల్లమందు 80 గ్రెయిన్లు (మందుకీ తూటాకీ వాడే చిన్న కొలత). బ్యారెల్ లోపలి గాడుల మెలిక 66 అంగుళాలకో చుట్టు ఉన్నది వెతకండి. 28 అంగుళాలకో చుట్టు తిరిగే బ్యారెల్ సేబట్‌ల కోసం చేసింది, అందులో ఇంత మందు మీద గుండు నిలకడగా పోదు.

గ్రెయిన్_లెక్క

సంప్రదాయం సరే అన్నా, లెక్క చూద్దాం. ఆ గుండు బరువు దాదాపు 177 గ్రెయిన్లు. 80 గ్రెయిన్ల మందుతో మూతి దగ్గర సెకనుకి సుమారు 1,750 అడుగులు, అంటే 1,200 ఫుట్-పౌండ్ల శక్తి. గుండ్రటిది గాలికి తొందరగా ఆగిపోతుంది కాబట్టి 100 గజాలు పోయేసరికి వేగం వెయ్యికి, శక్తి 400కి దిగుతుంది. గంటకి 10 మైళ్ళ అడ్డగాలి ఉంటే ఆ దూరంలో దాదాపు 10 అంగుళాలు పక్కకి పోతుంది. ఆడ జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటంతా కలిపితే 8-9 అంగుళాలే. గాలి తోక వైపు కొడుతుంటే కడుపులో తగులుతుంది, తర్వాత రాత్రంతా టార్చీలతో వెతుకులాటే.

ఇన్‌లైన్‌లో 250 గ్రెయిన్ల సేబట్ తూటా, 100 గ్రెయిన్ల మందు వేస్తే 100 గజాల దగ్గర ఇంకా వెయ్యి ఫుట్-పౌండ్లు ఉంటాయి. 220 గజాల మడి ఉన్నప్పుడు 60 గజాల తుపాకీ కొనడం ఎందుకు?

హద్దురాయి

మీరిద్దరూ బ్యారెల్ దగ్గరే ఆగిపోయారు. జింక వెనక ఏముందో చూశారా?

70 ఎకరాలు చతురస్రంగా ఉన్నాయనుకున్నా ఒక్కో వైపు 580 గజాలే. నడిమధ్యన కూర్చున్నా ఏ హద్దైనా 290 గజాల్లోనే. ఇప్పుడు స్టాండ్ (జింక కోసం ఎక్కి కూర్చునే మంచె) సంగతి. తుపాకీ నేల నుంచి 18 అడుగుల ఎత్తులో, జింక ఛాతీ 3 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. 60 గజాల జింకని దాటిన తూటా ఇంకో 12 గజాల్లో నేలకి దిగుతుంది. అదే జింక 200 గజాల్లో ఉంటే 40 గజాలు దాటాక, డిగ్రీన్నర కోణంలో నేలని రాసుకుంటుంది. జనవరిలో గడ్డకట్టిన మడి మీద అంత చదునుగా తగిలిన సీసం లేచి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఆ వైపు పక్కవాళ్ళ పశువుల కొట్టమో, రోడ్డో ఉంటే?

కాబట్టి ఆ 220 గజాలు కళ్ళకే, తుపాకీకి కాదు. స్టాండ్‌ని వాగు గట్టు వైపు తిప్పి, జింక వెనక మట్టి ఉండేలా 80 గజాల లోపు షాట్లు మాత్రమే పెట్టుకోండి. ఇంకోటి: ఊపిరితిత్తుల్లో బాగా తగిలిన జింక కూడా వంద గజాలు పరుగెత్తవచ్చు. హద్దుకి కనీసం 150 గజాలు వదలండి. పక్కవాళ్ళ పొలంలో వేటాడాలంటే ఒహాయోలో రాతపూర్వక అనుమతి కావాలి. పడిన జింక కోసం వెళ్ళే మాటా సీజన్‌కి ముందే మాట్లాడి పెట్టుకోండి.

చెకుముకి_74

ఇదే నేను చెప్పేది! 80 గజాల లోపు అయితే గుండు చాలు.

గ్రెయిన్_లెక్క

తొందరపడకు అన్నా. హద్దురాయి గారు చెప్పింది ఒప్పుకుంటా, 200 గజాల మాట వెనక్కి తీసుకుంటా. కానీ స్కోపు దూరానికే అని ఎవరన్నారు? వేట సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చెల్లుతుంది, జింక చిట్టడవిలోంచి బయటికొచ్చేదీ సరిగ్గా అప్పుడే. ఇనుప సైట్ల ముందు మొన ఆ వెలుగులో కనపడదు, నలభై దాటిన కళ్ళకి ఇంకా కష్టం. మధ్యలో కొమ్మ అడ్డుందో లేదో చూడాలన్నా స్కోపే కావాలి. 3-9 ఎక్కువే, 1-4 చాలు.

తడిమందు

పేలకపోతే ఏ తుపాకీ అయినా కర్రే. జనవరిలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ తేమవే, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

చలిలోంచి తుపాకీని వెచ్చటి ఇంట్లోకి తెస్తే ఇనుముకి చెమట పడుతుంది. బ్యారెల్ లోపలా పడుతుంది, అడుగున మందు తడుస్తుంది. మర్నాడు టిక్‌మని ఊరుకుంటుంది, లేదా అర సెకను ఆగి పేలుతుంది. లోడు ఉంచుకోవాలంటే క్యాపో ప్రైమరో తీసేసి, తాళం వేసిన చల్లటి షెడ్డులోనే పెట్టండి. మంచు దూరకుండా మూతికి ఎలక్ట్రికల్ టేపు ఒక పొర వేస్తే చాలు, దాని మీదుగానే కాల్చొచ్చు. రెండో రోజుకి లోడు మీద అనుమానముంటే బ్యాక్‌స్టాప్‌లోకి (తూటాని ఆపే మట్టి గట్టు) కాల్చేసి కొత్తగా దట్టించండి.

ఫ్లింట్‌లాక్‌లో రంజకం (నిప్పురవ్వకి ముందు అంటుకునే మందు) పళ్ళేన్ని నిండుగా నింపుతారు, అదే తప్పు. 4ఎఫ్ (మెత్తటి నల్లమందు) మూడో వంతు, బ్యారెల్‌లోకి నిప్పు దూకే చెవి రంధ్రానికి దూరంగా. రంధ్రం మూసుకుపోయేలా పోస్తే నిప్పు మెరుపులా దూకదు, వత్తిలా కాలుతూ పోతుంది. మంచు పడుతుంటే పావుగంటకోసారి తుడిచి కొత్త రంజకం వేయాలి. లాక్ (చెకుముకి కొట్టే భాగం) మీద గ్రీజు పట్టించిన తోలు తొడుగు తప్పనిసరి.

ఇన్‌లైన్ వాళ్ళకి: ట్రిపుల్ సెవెన్ (నల్లమందుకి బదులు వాడే మందు) వాడితే మొదటి షాట్ తర్వాత మందు పైభాగాన గట్టి వలయం పేరుకుంటుంది. రెండో సేబట్ దాని మీదే ఆగిపోతుంది, దిగిందనుకుంటారు. తూటాకీ మందుకీ మధ్య ఖాళీ ఉంటే బ్యారెల్ ఉబ్బొచ్చు, పగలొచ్చు. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఒక తడి ప్యాచ్, ఒక పొడి ప్యాచ్ లాగండి. సరిగ్గా దిగిన లోడు మీద ర్యామ్‌రాడ్ పెట్టి మూతి దగ్గర గీత గీయండి. గీత పైకి ఉంటే తూటా దిగలేదు, లేదా మందు రెండుసార్లు పడింది. ఈ గీత ఫ్లింట్‌లాక్‌కీ అంతే అవసరం.

అలాంటిదే ఇంకో మందు బ్లాక్‌హార్న్ 209 అయితే వలయం రాదు. కానీ దానికి సరిపడే బ్రీచ్ ప్లగ్ (బ్యారెల్ వెనక మూత), మామూలు బలమైన షాట్‌గన్ 209 ప్రైమర్ కావాలి. మజిల్‌లోడర్ల కోసమని అమ్మే మెత్తటి ప్రైమర్లతో ఆగి పేలుతుంది. పేరులో బ్లాక్ ఉందని నీళ్ళతో కడగొద్దు, సాల్వెంట్ వాడండి. నల్లమందు, పైరోడెక్స్ అయితే వేడి సబ్బు నీళ్ళు, అదే రోజు రాత్రి.

పేలకపోతే మూతి అటే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. తర్వాత కొత్త ప్రైమర్. అదీ పనిచేయకపోతే సీఓటూ డిశ్చార్జర్‌తో లోడు బయటికి నెట్టండి. ఇక మామూలు రైఫిల్ మందు, అదే స్మోక్‌లెస్, చిటికెడు కూడా వద్దు. బ్యారెల్‌తో పాటు చెయ్యీ పోతుంది.

చెకుముకి_74

చలిలో సేబట్ ప్లాస్టిక్ బిగుసుకుపోయి దింపడానికి ప్రాణం పోతుందన్నది కూడా రాయాల్సింది. గుండూ ప్యాచ్ అయితే చేతి ఒత్తిడికే దిగుతాయి. పెల్లెట్ల సంగతీ అంతే: జేబులో నలిగి అంచులు రాలితే 50 గ్రెయిన్లు 50 గ్రెయిన్లుగా ఉండవు.

సోయాగట్టు

మందు లూజుగానే కొంటాం, అది తేలింది. లైసెన్సు మాటేంటి? సొంత పొలమైతే అక్కర్లేదని బావమరిది వాదన.

హద్దురాయి

మీకు అక్కర్లేదు, బావమరిదికి కావాలి. ఒహాయో నివాసి అయిన యజమానికి, భార్య లేదా భర్తకి, పిల్లలకి సొంత నేల మీద వేట లైసెన్సూ జింక పర్మిట్టూ మినహాయింపు. బావమరిది ఆ జాబితాలో లేడు, రెండూ కొనుక్కోవాలి. మినహాయింపు ఉన్నా ఎన్ని జింకలన్న పరిమితి మారదు. ట్యాగ్ మీరే రాసి కట్టాలి, చంపిన మర్నాడు మధ్యాహ్నం 12 లోపు గేమ్ చెక్ (చంపిన జింకని రాష్ట్రానికి నమోదు చేయడం) చేయాలి. నారింజ చొక్కా ఇద్దరికీ.

గ్రెయిన్_లెక్క

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. ఫెడరల్ చట్టంలో మామూలు నల్లమందు మజిల్‌లోడర్ "యాంటిక్" కిందకొస్తుంది. కానీ బ్యారెల్ మార్చి కార్ట్రిడ్జ్ కాల్చగల ఫ్రేమ్ అయితే అది మామూలు ఫైర్ఆర్మే, హెచ్1బీ లాంటి వలసేతర వీసా వాళ్ళు ఫైర్ఆర్మ్ దగ్గర పెట్టుకోకూడదన్న నిషేధం దానికి వర్తిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధానికి మినహాయింపు ఉంది. రాష్ట్ర చట్టాలు మళ్ళీ వేరు, కొనేముందు లాయర్ని అడగండి.

తడిమందు

సోయాగట్టు గారూ, నా ఓటు: 50 క్యాలిబర్ ఇన్‌లైన్, 1-4 స్కోపు, హద్దురాయి గారి 80 గజాలు. ఫ్లింట్‌లాకే అంటారా, ఇప్పుడే కొని వేసవంతా కాల్చండి. రంజకం వెలిగిన క్షణానికీ గుండు బయటికెళ్ళే క్షణానికీ మధ్య తుపాకీ కదలకుండా పట్టడం డిసెంబర్‌లో మొదలుపెడితే రాదు.

చెకుముకి_74

వేసవంతా అంటే నాకు అభ్యంతరం లేదు. ఓటు మాత్రం మార్చను.